పాత చైన్‌సాకు మళ్లీ కరెంటు: కండెన్సర్, పాయింట్లు, మాడ్యూల్, కాయిల్‌లలో ఏది మార్చాలి?

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో జీడితోటో సరుగుడు తోపో ఉన్న కుటుంబానికి పెట్రోల్ రంపం ఏడాదంతా అవసరం పడదు గాని, పడిన రోజున అది లేకపోతే పని ఆగిపోతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరా, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరా తీరం దాటిన తరువాత ఊరి దారులు తెరవడానికి ముందుగా కావలసి వచ్చింది పనిచేసే రంపమే. కరెంటు రావడం లేదని మూలన పెట్టేసిన పాత చైన్‌సాలలో చాలావాటి ఇంజను ఇంకా బలంగానే ఉంటుంది. చెడిపోయేది ఎక్కువగా ఇగ్నిషన్. ఆ భాగాలు కంపెనీ దగ్గర దొరకనప్పుడు పర్లాకిమిడిలోనో బరంపురంలోనో దొరికే ప్రత్యామ్నాయాల్లో ఏది ఎంచుకోవాలన్నదే ఈ వ్యాసం.

ఇక్కడ చెప్పేదంతా పాయింట్లు (కరెంటును తెంచే చిన్న స్విచ్చు), కండెన్సర్ ఉన్న మ్యాగ్నెటో (బ్యాటరీ లేకుండా అయస్కాంతంతో కరెంటు పుట్టించే) యంత్రాలకు వర్తిస్తుంది. 106 సీసీల స్టిల్ 070, 89 సీసీల 051, 61 సీసీల 041, అలాగే ఆ కాలపు హోమ్‌లైట్, మెక్కలక్ రంపాలు చాలావరకు ఈ కోవలోకి వస్తాయి. అయితే ఒకే మోడల్ కొన్నేళ్లు పాయింట్లతోనూ, తరువాత ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌తోనూ వచ్చిన సందర్భాలున్నాయి. 041 అలాంటిదే. కాబట్టి మోడల్ పేరు చూసి సామాను కొనకండి. ఫ్లైవీల్ విప్పి, దాని వెనుక ఏముందో చూసిన తరువాతే కొనండి.

కొనేముందు: లోపం నిజంగా అక్కడే ఉందా

షాపుకు వచ్చేవారు తరచుగా "కరెంటు రావట్లేదు మేస్త్రీ, కాయిల్ మార్చెయ్" అంటారు. అలా మార్చిన కాయిళ్లలో చాలా భాగం బాగున్నవే అయి ఉంటాయి. ముందు కొత్త ప్లగ్గు పెట్టండి. తరువాత స్టాప్ స్విచ్చికి వెళ్లే తీగను ఊడదీసి చూడండి, ఎందుకంటే ఆ తీగ పైపొర ఒరిసి బాడీకి తగిలితే ఇగ్నిషన్ మొత్తం ఆగిపోతుంది, రూపాయి ఖర్చు లేకుండా తేలిపోయే లోపం అది. ప్లగ్గు తీగను, దాని టోపీని కూడా వంచి చూసి పగుళ్లు ఉన్నాయేమో గమనించండి. ఫ్లైవీల్‌ను ఇరుసు మీద జరగకుండా పట్టి ఉంచే కీ కోసుకుపోయినా టైమింగ్ (మెరుపు రావలసిన క్షణం) తప్పుతుంది; అప్పుడు మెరుపు కనబడుతుంది గాని ఇంజను మాత్రం అందుకోదు.

మెరుపు చూసేటప్పుడు ప్లగ్గు లోహభాగం సిలిండరుకు గట్టిగా ఆని ఉండాలి, పెట్రోలు డబ్బా దూరంగా ఉండాలి, ప్లగ్గు రంధ్రం దగ్గరకు మెరుపు రాకూడదు. ప్లగ్గు తీగను గాలిలో వదిలి తాడు లాగితే ఆ ఒత్తిడి కాయిల్ లోపలి ఇన్సులేషన్ మీద పడుతుంది. ఎలక్ట్రానిక్ మాడ్యూల్ బిగించి ఉంటే అది కూడా దెబ్బతినవచ్చు.

ఏ కొలమానంతో ఎంచుకోవాలి

ఇగ్నిషన్ పనితీరు తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం కాయిల్ దగ్గరగా దాటినప్పుడు కాయిల్‌లోని లావు తీగ చుట్టలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు గరిష్ఠంగా ఉన్న క్షణాన పాయింట్లు తెరుచుకుంటే అది ఒక్కసారిగా తెగిపోతుంది, ఆ తెగడం వల్ల సన్న తీగ చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర మెరుపవుతాయి. పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్యనే నిప్పురవ్వ లేవకుండా ఆపి, కరెంటు చటుక్కున తెగేలా చేసేది కండెన్సర్.

దీన్నిబట్టి ఒక్కో భాగం ఒక్కో రకంగా సరిపడాలి. కండెన్సర్ విషయంలో విలువ, వోల్టేజీ చూస్తే చాలు, ఆకారం ఏదైనా పరవాలేదు. పాయింట్లకు ఆకారమే ప్రాణం: తిరుగుడు పిన్ను, కామ్‌ను (పాయింట్లను తెరిచే, ఇరుసుతో తిరిగే మిట్టను) తాకే మడమ, బిగించే రంధ్రం మూడూ కలవాలి. కాయిల్ ఇనుప కాళ్లు ఫ్లైవీల్‌లోని అయస్కాంత ధ్రువాల దూరానికి సరిపోవాలి. మాడ్యూల్ మాత్రం పాత కాయిల్ ఇచ్చే కరెంటు మీదే బతుకుతుంది గనుక, కాయిల్ బాగుంటేనే పనికివస్తుంది. సామాను కొనేముందు ఈ భాగం దేనితో సరిపడాలి అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

దాని తరువాత టైమింగ్ కదులుతుందా, వానాకాలపు తేమకూ ఇంజను వేడికీ నిలుస్తుందా, తోట మధ్యలో ఆగిపోతే స్క్రూడ్రైవరుతో సరిచేసుకోగలమా, రేపు అసలు భాగం దొరికితే తిరిగి బిగించుకోగలమా అన్నవి చూడాలి. ధర నా లెక్కలో చివరిది. చౌకైన భాగం తప్పు టైమింగు తెస్తే పిస్టనుకే నష్టం, ఆ పిస్టను దొరకడం ఇంకా కష్టం.

| ఎంపిక | దేనితో సరిపడాలి | టైమింగ్ | ఎక్కడ దొరుకుతుంది | తోటలో బాగుచేయగలమా | వెనక్కి మార్చగలమా |
|---|---|---|---|---|---|
| వేరే కండెన్సర్ | విలువ, వోల్టేజీ | మారదు | స్కూటరు సామాను షాపు, టీవీ రిపేరు షాపు | తీగ బయటికి తెచ్చి ఉంటే చేయగలం | మార్చగలం |
| పాయింట్లు శుభ్రం చేయడం లేదా కొత్తవి | ఆకారం | గ్యాపును బట్టి కదులుతుంది | శుభ్రం చేయడం ఇంట్లోనే, కొత్తవి తెప్పించాలి | చేయగలం | మార్చగలం |
| ఎలక్ట్రానిక్ మాడ్యూల్ | మంచి కాయిల్, తగిన ధ్రువం | కొన్ని డిగ్రీలు కదలవచ్చు | తెప్పించాలి | చేయలేం, తీసేసి పాయింట్లకు మారాలి | మార్చగలం |
| వేరే కాయిల్ | ధ్రువాల దూరం, ఫ్లైవీల్ వంపు, తిరిగే దిశ | ఎక్కువగా కదలవచ్చు | తెప్పించాలి | చేయలేం | రంధ్రాలు వేయకపోతేనే |

కండెన్సర్: మొదట మార్చవలసింది ఇదే

వయసు పైబడిన కండెన్సర్ ఒక్కసారిగా చావదు. చల్లగా ఉన్నప్పుడు సరిగా ఉంటుంది, ఇంజను వేడెక్కాక లోపల కరెంటు కారడం మొదలవుతుంది. రంపం పొద్దున మొదటి లాగుకే అందుకుని, కాసేపు కోశాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ అందుకుంటే, కాయిల్‌ను అనుమానించేముందు కండెన్సర్‌ను అనుమానించాలి. కాయిల్ కూడా అచ్చంగా ఇలాగే చెడుతుంది, కాని చౌకైనదాన్ని ముందు మార్చి చూడటంలో నష్టం లేదు.

పాయింట్లను దగ్గరగా చూస్తే కండెన్సర్ చరిత్ర తెలిసిపోతుంది. రెండు ముఖాలూ బూడిదరంగులో సమంగా, నున్నగా ఉంటే కండెన్సర్ బాగానే పనిచేసిందన్నమాట. ఒక ముఖం మీద గుంట, ఎదుటి ముఖం మీద దానికి సరిపడే చిన్న మొటిమ ఉంటే లోహం ఒకవైపు నుంచి మరోవైపుకు తరలిపోయింది, అంటే కండెన్సర్ విలువ తప్పింది. రెండూ నల్లబడి నీలిచాయలో కాలి ఉంటే కండెన్సర్ దాదాపు పనిచేయడం మానేసినట్టే.

పాత రంపాల కండెన్సర్లు చాలావరకు 0.15 నుంచి 0.25 మైక్రోఫారడ్ల మధ్య ఉంటాయి. పాయింట్లున్న పాత స్కూటర్లు, మోటారు సైకిళ్ల కండెన్సర్లు కూడా ఇంచుమించు ఆ పరిధిలోవే కాబట్టి, విలువ కొలిచి తీసుకుంటే వాటితో పని సాఫీగా జరుగుతుంది. ఇంకా నమ్మకమైన దారి టీవీ రిపేరు షాపులో దొరికే పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్. దాని మీద 224 అని, పక్కనే 630 వోల్టులని ఉండాలి. 224 అంటే 0.22 మైక్రోఫారడ్లు. ఏళ్ల తరబడి గోడౌనులో పడి ఉన్న పాత కంపెనీ కండెన్సర్ కన్నా నిన్న తయారైన ఈ చిన్న పెట్టెకే నా ఓటు, ఎందుకంటే వాడకుండా ఉన్నా కండెన్సర్‌కు వయసు మీద పడుతుంది.

ఫ్యాను కండెన్సర్ మాత్రం వేయకండి. సీలింగ్ ఫ్యానుది సాధారణంగా 2.5 లేదా 3.15 మైక్రోఫారడ్లు, అంటే కావలసినదానికి పది రెట్లకు పైగా. అది వేస్తే కరెంటు తెగడం నెమ్మదించి మెరుపు పలచబడుతుంది. మరీ చిన్న విలువ వేస్తే పాయింట్లు కాలిపోతాయి.

ఫిల్మ్ కెపాసిటర్‌ను ఫ్లైవీల్ కింద ఇరికించవద్దు, అక్కడి వేడి దానికి మంచిది కాదు. పాత కండెన్సర్ తీగను కత్తిరించి, కొత్త తీగను స్టాప్ స్విచ్ తీగ వచ్చే దారిలోనే బయటికి తెచ్చి, కెపాసిటర్‌ను సిలిండరుకు దూరంగా గాలి తగిలే చోట బిగించాలి. దాని రెండో కాలు రంగు గీకిన శుభ్రమైన లోహానికి ఆనాలి. పాత కండెన్సర్‌ను మాత్రం తప్పనిసరిగా విడదీయాలి. లోపల కారుతున్న పాతది సర్క్యూట్‌లో ఉన్నంతకాలం కొత్తది ఉండీ ప్రయోజనం లేదు.

పాయింట్లు: శుభ్రం చేయడం వేరు, అరగదీయడం వేరు

నిలవ ఉన్న రంపంలో పాయింట్ల ముఖాల మీద కంటికి కనబడని పొర పేరుకుంటుంది. వంశధార, మహేంద్రతనయ ఒడ్డు ఊళ్లలో వానాకాలమంతా షెడ్డులో ఉన్న యంత్రానికి ఇది మామూలే. గట్టి తెల్ల కాగితాన్ని పెట్రోలులో తడిపి పాయింట్ల మధ్య లాగి, ఆ తరువాత పొడి కాగితం లాగితే చాలాసార్లు కరెంటు తిరిగి వస్తుంది. గుంటలు పడితే సన్నటి పాయింట్ ఆకురాయి వాడవచ్చు. ఉప్పు కాగితం పొడి ముఖాల్లో దిగబడి మళ్లీ అడ్డుపడుతుంది కాబట్టి అది వద్దు.

గ్యాపు చాలా యంత్రాల్లో 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు, మీ యంత్రం పుస్తకం వేరే అంకె చెబితే దాన్నే పాటించండి. గ్యాపు పెంచితే పాయింట్లు ముందుగా తెరుచుకుని టైమింగ్ ముందుకు వస్తుంది, తగ్గిస్తే వెనక్కి పోతుంది. కామ్‌ను తాకే మడమ అరిగేకొద్దీ గ్యాపు దానంతటదే తగ్గుతుంది గనుక, తరచూ వాడే రంపానికి అప్పుడప్పుడు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకులు) పెట్టి చూడక తప్పదు. స్కూటరు పాయింట్లను ఎలాగో వంచి బిగించే ప్రయత్నాలు ఆ గేజ్ ముందు నిలవవు.

మాడ్యూల్: సౌకర్యం ఎక్కువ, షరతులు కూడా ఎక్కువ

పాయింట్లు, కండెన్సర్ రెండింటి పనినీ ఒక ట్రాన్సిస్టరు చేసే చిన్న పెట్టె ఇది. ఆస్ట్రేలియా కంపెనీ ఆటమ్ చేసినది, అమెరికాలో నోవా పేరుతో అమ్మినది ఈ కోవలో పేరున్నవి. వాటి నకళ్లు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కాయిల్ లావు చుట్టలోని కరెంటు ఒక స్థాయికి చేరగానే ఈ పెట్టె దాన్ని తెంచేస్తుంది. అరిగే మడమ ఉండదు, పొర పట్టే ముఖాలు ఉండవు, ఫ్లైవీల్ మళ్లీ విప్పవలసిన పని ఉండదు. ఏడాదిలో పది నెలలు షెడ్డులో ఉండి, తుపాను మర్నాడు లాగగానే అందుకోవలసిన రంపానికి ఈ గుణాలన్నీ విలువైనవే.

షరతులు కూడా చెప్పుకోవాలి. కాయిల్ బలహీనంగా ఉంటే మాడ్యూల్ దాన్ని బాగుచేయలేదు. ఫ్లైవీల్ అయస్కాంతం బలం తగ్గి ఉంటే, తాడు లాగే వేగానికి మాడ్యూల్ మేలుకోదు; అదే యంత్రం పాయింట్లతో అందుకుంటుంది. తీగల ధ్రువం (ప్లస్, మైనస్) తలకిందులైతే మెరుపు రాదు, లేదా తప్పు క్షణాన వస్తుంది. రెండు తీగల రకంలో వాటిని అటూఇటూ మార్చి చూడవచ్చు గనుక, మొదటిసారి కొనేవారు ఆ రకాన్నే తీసుకోవడం మంచిది. పాత పాయింట్ల తీగను, కండెన్సర్‌ను సర్క్యూట్ నుంచి పూర్తిగా విడదీయాలి. పెట్టె అడుగు లోహానికి ఆనే రకమైతే అక్కడి రంగు గీకి, గాలి తగిలే చోట బిగించాలి.

మాడ్యూల్ చెడితే లోపల బాగుచేయడానికి ఏమీ ఉండదు. రాయగడ అడవి అంచున పని చేస్తూ అది ఆగితే ఆ రోజు పని అక్కడితో సరి. అందుకే మాడ్యూల్ పెట్టించుకున్నవారు పాత పాయింట్లను పారేయకుండా, శుభ్రం చేసి గ్యాపు సరిచూసి అక్కడే ఉంచుకోవాలి. కొత్త కండెన్సర్ ఒకటి సామాన్ల డబ్బాలో ఉంటే, రెండు తీగలు మార్చుకుని పని ముగించవచ్చు.

వేరే కాయిల్: నిజంగా అవసరమైతేనే

మల్టీమీటరుతో చూస్తే కాయిల్ లావు చుట్ట సుమారు ఒక ఓమ్ అటూఇటూగా, సన్న చుట్ట కొన్ని వేల ఓములుగా చూపించాలి. సన్న చుట్ట పూర్తిగా తెగిపోయినట్టు చూపితే, ముందు ప్లగ్గు తీగ, టోపీ విడిగా కొలిచి, ఆ తరువాత కాయిల్ పోయిందని నిర్ణయించుకోవాలి. అంకెలు సరిగా ఉన్నంత మాత్రాన కాయిల్ బాగున్నట్టు కాదని కూడా గుర్తుంచుకోవాలి, వేడెక్కినప్పుడు మాత్రమే తెగే చుట్టలు ఉంటాయి.

ఇంకో రంపం కాయిల్ తెచ్చి పెట్టాలనుకుంటే కాళ్ల మధ్య దూరం, ఫ్లైవీల్ వంపు, తిరిగే దిశ, బిగించే రంధ్రాలు అన్నీ కలవాలి. కాయిల్ ఫ్లైవీల్ లోపల ఉండే నిర్మాణంలో ఇది దాదాపు కుదరదు. ఫ్లైవీల్ బయట ఉండే నిర్మాణంలో కొంత అవకాశముంది. అక్కడ కాయిల్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య సందు సుమారు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉండాలి, ఒక విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తే సరిపోతుంది. ఎలక్ట్రానిక్ కాయిల్ వేయాలనుకుంటే మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే అదే మోడల్ ఎలక్ట్రానిక్ రకానికి ఫ్లైవీల్ కూడా వేరుగా ఉండవచ్చు. కాయిల్, ఫ్లైవీల్ ఒకే యంత్రం నుంచి జతగా వస్తేనే నేను ఈ దారిని సిఫారసు చేస్తాను. చెడిపోయిన అదే మోడల్ రంపం తుక్కులో దొరికితే దాని జత తీసుకోవడం అన్నిటికన్నా మేలు.

మోటార్లు చుట్టే షాపుల్లో కాయిల్ రీవైండింగ్ గురించి చాలామంది అడుగుతారు. లావు చుట్ట వరకు మన ఊళ్ల చేతిపనివారు చక్కగా చేయగలరు. వెంట్రుకంత సన్నని తీగను వేల చుట్లు, పొరపొరకీ ఇన్సులేషన్ వేస్తూ, చివర గాలి బుడగ లేకుండా రెసిన్ పోయడం వేరే పని, దానికి తగిన యంత్రాలు కావాలి. బోరు మోటారు బాగా చుట్టే మనిషి దగ్గరకు దీన్ని తీసుకెళ్లి ఆయన మీద భారం పెట్టడం న్యాయం కాదు.

టైమింగ్ చూడకుండా కోతకు వెళ్లవద్దు

పాయింట్ల గ్యాపు మార్చినా, మాడ్యూల్ పెట్టినా, కాయిల్ మార్చినా టైమింగ్ సరిచూడాలి. ముందుకు జరిగితే తాడు వెనక్కి గుంజి వేళ్లకు దెబ్బ తగులుతుంది. 106 సీసీల ఇంజనులో ఆ గుంజుడు మణికట్టు విరిచేంతది. వెనక్కి జరిగితే ఇంజను బలం తగ్గి అతిగా వేడెక్కుతుంది. పాయింట్లున్నప్పుడు పలచని కాగితాన్ని వాటి మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఫ్లైవీల్ తిప్పితే, కాగితం వదిలిన చోటే పాయింట్లు తెరుచుకున్న చోటు. పిస్టను పైకొనకు ఇంకా ఎంత దూరముందో కొలిచి పుస్తకంలోని అంకెతో పోల్చుకోవచ్చు. మాడ్యూల్‌కు ఈ పద్ధతి పనికిరాదు. ఫ్లైవీల్ మీదా, బాడీ మీదా సుద్ద గీతలు పెట్టి, బార్, చైన్ తీసేసి ఇంజను నెమ్మదిగా నడుపుతూ, బైకు బ్యాటరీకి తగిలించిన టైమింగ్ లైటుతో చూడాలి. ఆ లైటు పాత కార్ల మెకానిక్కుల దగ్గర ఉంటుంది.

ఫ్లైవీల్ విప్పేటప్పుడు పుల్లర్ (దాన్ని సమంగా బయటికి లాగే పనిముట్టు) వాడండి. సుత్తితో కొడితే క్రాంక్ మర, బేరింగులు పాడవుతాయి. క్లచ్ వైపు మర చాలా రంపాల్లో ఎడమ మర అని గుర్తుంచుకోండి. టైమింగ్ కోసం కీని అరగదీసి పక్కకు జరిపే పద్ధతి ఒకటి ఉంది గాని, ఇంటి దగ్గర చేసేవారికి నేను చెప్పను.

ఎవరికి ఏది

సొంత తోటకూ, గాలివానల తరువాత దారి తెరవడానికీ రంపం ఉంచుకున్నవారు మొదట 0.22 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్ వేసి, పాయింట్లు శుభ్రం చేసుకోవాలి. ఒక వానాకాలం గడిచాక పొర పట్టి మళ్లీ సతాయిస్తే అప్పుడు మాడ్యూల్ ఆలోచించవచ్చు. సెప్టెంబరు ముగిసేలోపు ఒకసారి అందుకునేలా చేసి ఉంచుకోవడం అవసరం, ఫైలిన్, తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి.

రోజూ నీలగిరి, సరుగుడు కోసి కూలి సంపాదించేవారికి వేరే మాట చెప్పాలి. పాత రంపాల్లో చాలావాటికి చైన్ బ్రేకు లేదు, చేతికి వచ్చే అదురు ఎక్కువ. ఇగ్నిషన్ ఎంత బాగుచేసినా ఆ లోపం పోదు. రోజువారీ కోతకు చైన్ బ్రేకు ఉన్న కొత్త రంపం తీసుకుని, పాతదాన్ని లావు మొద్దుల కోసం మాత్రమే, మాడ్యూల్ పెట్టి, పాయింట్లు సిద్ధంగా ఉంచి వాడటం సబబు.

యంత్రాన్ని దాని అసలు రూపంలో కాపాడుకోవాలనుకునేవారు రంధ్రాలు వేసే ఏ మార్పుకూ ఒప్పుకోకూడదు. పాత కండెన్సర్ డబ్బా లోపలి భాగం తీసేసి, అందులోనే చిన్న ఫిల్మ్ కెపాసిటర్‌ను ఎపాక్సీతో కూర్చే పద్ధతి ఉంది. వేడి విషయంలో కొంత రాజీ పడాలి గాని, అప్పుడప్పుడు నడిపే యంత్రానికి అది సరిపోతుంది.

రిపేరు షాపు నడిపేవారు సామాను తెప్పించేముందు కాయిల్ మీది అంకెలను, ఫ్లైవీల్ లోపల పోత పోసిన అంకెలను, పాయింట్ల ప్లేటును దగ్గరగా ఫోటో తీసి పెట్టుకోవాలి. అదే మోడల్‌లో బాష్ కంపెనీ ఇగ్నిషన్‌తో ఒక రకం, సెమ్ (SEM) కంపెనీ ఇగ్నిషన్‌తో మరో రకం ఉండవచ్చు, వాటి పాయింట్లు ఒకదానికొకటి కలవవు. అమ్మేవారికి మోడల్ పేరుతో పాటు ఈ అంకెలు కూడా పంపితే పార్సిల్ తిప్పి పంపే పని తప్పుతుంది.